ఎమ్మిగనూరుకు పన్నెండు కాలిక్యులేటర్లతో

మా తెనాలి వాళ్ళం పడమటికి ప్రయాణం కట్టడం తక్కువ. చదువులకి గుంటూరు, బేరాలకి బెజవాడ, మొక్కులకి తిరుపతి. అంతకు మించి కదలాలంటే ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని లాగాలి. నన్ను లాగింది సరోజ.

సరోజా నేనూ టీచరు ట్రైనింగు కలిసి చేశాం, ఒకే గదిలో ఉన్నాం. నేను మా ఊరి ఆడపిల్లల హైస్కూల్లో లెక్కల టీచర్నయ్యాను. తను కొన్నేళ్ళు పాఠాలు చెప్పి, ఎమ్మిగనూరులో దిక్కులేని ఆడపిల్లల కోసం ఊరి పెద్దలు కొందరు నడిపే ఆశ్రమంలో వార్డెనుగా చేరింది. ఎనభైల నడిమి మాట ఇది. ఆ దీపావళికి తను రాసిన ఉత్తరంలో ఒక వాక్యం నన్ను పట్టుకుంది. "మా పిల్లలు లెక్క చేసి, సమాధానాన్ని అరచేత్తో మూసుకుంటారు ప్రభా. తప్పయితే ఎవరు నవ్వుతారో, ఎవరు కొడతారో అని."

సరిగ్గా అప్పుడే మా తమ్ముడు మస్కట్ నుంచి వచ్చాడు. వాడి పెట్టెలో అరచేతిలో ఇమిడే కాలిక్యులేటర్లు బోలెడున్నాయి, ఇక్కడ అమ్ముకుందామని తెచ్చినవి. బతిమాలి పన్నెండు తీసుకున్నాను. మా హెడ్మిస్ట్రెస్ గారు ముక్కు విరిచారు. "లెక్కల టీచరువై ఉండి పిల్లలకి ఇవి పంచుతావా? ఎక్కాలు మరిచిపోరూ?" అన్నారు. చేసిన లెక్క తప్పో ఒప్పో ఒంటరిగా, ఎవరూ చూడకుండా సరిచూసుకునే వీలు ఒక పిల్లకి ఉంటే ఎంత బాగుంటుందో ఆవిడకి చెప్పలేకపోయాను. సెలవు చీటీ రాసిచ్చి మాఘమాసంలో బయలుదేరాను.

ఆదోనిలో దూది మీద పడ్డాం

ఆదోనిలో రైలు దిగేసరికి పొద్దున ఏడయింది. స్టేషను బయటికి రాగానే ముక్కులో ఏదో గుచ్చుకున్నట్టయి తుమ్మాను. చూస్తే గాల్లో సన్నగా దూది తేలుతోంది. కరెంటు తీగల మీద, టీ కొట్టు పందిరి మీద, రిక్షావాళ్ళ కనుబొమల మీద కూడా దూదే. పత్తి కాలమట. చుట్టుపక్కల పల్లెల పత్తంతా ఇక్కడి మార్కెట్ యార్డుకి వస్తుంది, ఇక్కడి మిల్లుల్లో గింజ వేరు చేసి దూదిని బేళ్ళు కడతారు.

"యాడికి పోవల్లమ్మా?" అన్నాడు ఒక రిక్షా ముసలాయన. బస్టాండుకన్నాను. "ఫస్టు ఉగ్గాని తిని పోదాం. ఖాళీ కడుపుతో బస్సెక్కితే పరేషాన్ అయితావు," అని నన్ను అడక్కుండానే ఒక హోటలు ముందు ఆపాడు. మా వైపు రిక్షావాడు మనం తిన్నామో లేదో పట్టించుకోడు. ఇక్కడ పలకరింపే అది. "తింటివా?" అన్న తరవాతే మిగతా మాటలు.

ఉగ్గాని అంటే నీళ్ళలో తడిపి పిండిన బొరుగులకి పోపు పెట్టి, పుట్నాల పొడి చల్లిన ఉపాహారం. పక్కన రెండు మిరపకాయ బజ్జీలు. ప్లేటు రూపాయి. మరమరాలంటే మాకు సాయంత్రం పిల్లల చిరుతిండి. వాటిని పొద్దున్నే ఇంత మర్యాదగా పళ్ళెంలో పెట్టుకుని తింటారని నాకు తెలీదు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా రెండో ప్లేటు తిన్నాను. ముసలాయన నవ్వి, తన వంతు డబ్బులు తనే ఇచ్చుకున్నాడు.

బస్టాండుకి పోయే దారిలో పత్తి బండ్లు వరస కట్టి ఉన్నాయి. ఒక ఎద్దు బెదిరి పక్కకి జరగడం, మా రిక్షా చక్రం కాలవలోకి దిగడం, నా ఒళ్ళో ఉన్న అట్టపెట్టె ఎగిరిపోవడం ఒక్క క్షణంలో జరిగాయి. పెట్టె పోయి, దారి పక్కన కుప్ప పోసిన పత్తి మీద మెత్తగా కూర్చుంది. "నీ సామాను అదృష్టం మంచిదమ్మా," అన్నాడు ముసలాయన. "వేరే ఊళ్ళో అయితే రాయి మీద పడుండేది."

బస్సులో పందెం

ఎమ్మిగనూరు బస్సులో కండక్టరు పెట్టె మీద వేలితో తట్టాడు. "ఏముండాయమ్మా ఇందులో? రేడియోలా?"

లెక్కల మిషన్లన్నాను. నమ్మలేదు. ఒకటి తీసి చూపించాను. పక్క సీటులో తలపాగా రైతు, వెనక సీటు వాళ్ళు అందరూ మెడలు చాచారు. "పదిహేడు పదమూళ్ళు ఎంతో అడుగుతా. అది సెప్తాదో, నేను సెప్తానో సూద్దాం," అన్నాడు కండక్టరు. నేను అంకెలు నొక్కుతున్నాను. ఇంకా మూడు నొక్కలేదు, "రెండు నూర్ల ఇరవై ఒగటి!" అని అరిచాడు. బస్సంతా నవ్వు. మిషను కూడా అదే చెప్పేసరికి, "పర్వాలేదు, ఇదీ మన బళ్ళోనే సదివింది," అన్నాడు రైతు.

దారి పొడుగునా నల్లరేగడి. మా వైపు కాలవ కనపడకుండా పది నిమిషాలు పోలేం. ఇక్కడ గంట ప్రయాణంలో నీటి చుక్క కనపడలేదు. అయినా బస్సులో నా దగ్గర చెంబు లేదని చూసి, ఎవరో ముసలమ్మ తన ముంతలోంచి నాకు నీళ్ళు పోసింది.

సరోజ ఇల్లు, ఇరవై ఆరుగురు పిల్లలు

ఎమ్మిగనూరులో వీధికి రెండు వైపులా మగ్గాల చప్పుడు. ఆ చప్పుడుకి అలవాటు పడ్డవాళ్ళు కాస్త గట్టిగా మాట్లాడతారు. సరోజ గేటు దగ్గరే కావలించుకుని, "ఏం ప్రభా, ఇట్ల సిక్కిపోతివి! మీ కృష్ణా నీళ్ళు పనిచేస్తా లేవా?" అంది. ట్రైనింగులో మా భాష మాట్లాడడానికి తంటాలు పడేది. ఇప్పుడు తన మాట తనకి తిరిగొచ్చింది. వినడానికి హాయిగా ఉంది.

ఆశ్రమం అంటే మూడు గదులు, ఒక వసారా, నాపరాళ్ళు పరిచిన పెద్ద ముంగిలి. ఇరవై ఆరుగురు ఆడపిల్లలు. అందరి జడలకీ రిబ్బన్లకి బదులు రంగు రంగుల నూలు పోగులు. మగ్గాల దగ్గర మిగిలిన పోగులు ఏరుకొచ్చుకుంటారట. వంట చేసే ఈరమ్మ అనే ఆవిడ నాకు జొన్నరొట్టె చెయ్యడం నేర్పిస్తానని కూర్చోబెట్టింది. ఆవిడ చేతుల మధ్య రొట్టె చంద్రుడిలా తిరుగుతూ పెద్దదవుతుంది. నా చేతుల్లో మూడు ముక్కలయింది. "లెక్కల టీచరమ్మకి భాగాలు బాగా వస్తాయే!" అని ఈరమ్మ నవ్వితే పిల్లలంతా పడీ పడీ నవ్వారు. ఆ ముక్కల్నే గురుగాకు పప్పుతో, మేం వేరుశనగ అనే చెనిక్కాయల పొడితో తిన్నాను. మా ఇంట్లో అన్నం లేకపోతే భోజనం చేసినట్టే ఉండదు. ఆ మధ్యాహ్నం అన్నం సంగతే గుర్తు రాలేదు.

పెట్టె విప్పాను. సరోజ ఒకటి తీసి అటూ ఇటూ తిప్పింది. "సెల్లులు అయిపోతే ఈడ యాడ దొరుకుతాయి?"

"సెల్లులుండవు. పైన నల్లగా ఉందే, దాని మీద వెలుతురు పడితే చాలు. ఎండకి పనిచేస్తుంది."

"ఎండకా?" సరోజ ఈరమ్మ వైపు చూసింది. ఇద్దరూ ఒక్కసారే నవ్వారు. "ఎండకేం కొదవ లేదే తల్లీ మా ఊర్లో!"

ఇద్దరికి, ముగ్గురికి ఒకటి చొప్పున పంచాం. నియమం ఒక్కటే: ముందు పలక మీద చెయ్యాలి, తరవాతే మిషను చూడాలి. కాసేపు కేకలు, తోపులాటలు. ఆ తరవాత ముంగిలంతా నెమ్మదించింది. పదేళ్ళ పిల్ల ఒకతె కూడిక చేసి, అలవాటుగా అరచేయి అడ్డం పెట్టుకుని, రెండో చేత్తో అంకెలు నొక్కి చూసుకుంది. చేయి తీసేసింది. పలకని ఒళ్ళో పెట్టుకుని, ఎవరికీ చూపించకుండా తనలో తనే నవ్వుకుంది. నేను తెనాలి నుంచి వచ్చింది ఆ నవ్వు కోసమే అనుకున్నాను.

రెండు, మూడు, ఎనిమిది

వసారా చివర ఒక చిన్నపిల్ల విడిగా కూర్చుని ఉంది. ఆరేళ్ళుంటాయేమో.

"ఆ పాప గౌరి," అంది సరోజ. "అంటే మేం పెట్టుకున్న పేరు. చెవులు వినపడవు, మాట రాదు. పోయిన ఉగాది ముందర సంతలో మూటల మధ్య నిద్రపోతా కనపడింది. పోలీస్ స్టేషన్లో రాయించినాం, చుట్టూ ఊర్లలో అడిగించినాం. ఎవురూ రాలేదు. యాడనుంచి వచ్చిందో సెప్పలేదు కదా బిడ్డ. హైదరాబాదులో ఇట్లాంటి పిల్లల బడికి రాసినాం. సీటొచ్చింది. వచ్చే వారం తీస్కపోవల్ల."

"మంచిదేగా?"

"మంచిదే. కానీ అంత దూరం పోయినాక, వాళ్ళమ్మ ఈడికొచ్చి అడిగితే?" అంది సరోజ. ఆ మాట తను చాలా రోజులుగా మోస్తోందని గొంతే చెప్పింది.

నేను ఒక కాలిక్యులేటరు తీసుకుని గౌరి పక్కన కూర్చున్నాను. ఒకటి నొక్కి ఒక వేలు చూపించాను, రెండు నొక్కి రెండు వేళ్ళు. పిల్ల నా వేళ్ళ వైపు చూడలేదు. మీటల మీద ఉన్న అంకెల్నే ఒక్కొక్కటిగా పరీక్షగా చూసింది. తరవాత మిషను నా చేతిలోంచి లాక్కుని రెండు, మూడు, ఎనిమిది నొక్కింది. తల ఎత్తి నా ముఖంలోకి చూసింది.

ఆడుకుంటోంది అనుకున్నాను. తీసుకుని కూడిక చూపించబోతే, నా మణికట్టు కొరికింది. పళ్ళ గుర్తులు రెండు రోజులున్నాయి. మిషను తీసుకుని మళ్ళీ నొక్కింది: రెండు, మూడు, ఎనిమిది. తన తల నీడ పడి అంకెలు మాయమయ్యాయి. వెలుతురులోకి జరిగి మళ్ళీ నొక్కింది. అవే మూడు.

"సరోజా, ఈ పిల్లకి అంకెలు నేర్పించారా?"

"లేదే. బలపం పడితే పురుగులు గీస్తాది, అంతే." గోడ చూపించింది. వసారా గోడ మీద, పిల్ల చేయి అందినంత మేర, బొగ్గుతో గీసిన మెలికలు. నిజంగానే పురుగుల్లా ఉన్నాయి. దగ్గరికి పోయి చూశాను. మెలికలు మూడేసి, మూడేసి ఉన్నాయి. మొదటిది తలకిందులైన రెండు కావచ్చు. చివరిది రెండు సున్నాలు ఒకదాని మీద ఒకటి పడ్డట్టుంది. పది నెలలుగా ఆ పిల్ల ఒకటే మాట రాస్తోంది. చేతికి ఒంపులు తిరగక మాకెవరికీ చదవడం రాలేదు.

సరోజ నోటి మీద చెయ్యి పెట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది.

ఏమిటా అంకె? ఇంటి నంబరా, బస్సు నంబరా? మేం తర్జనభర్జన పడుతుంటే గౌరి లేచి, తన జడకున్న ఎర్ర నూలు పోగు విప్పింది. దాన్ని కాలిక్యులేటరు చుట్టూ రెండు మెలికలు తిప్పి, కొసలు మెడ వెనక్కి తెచ్చి, కట్టమని సరోజకి వీపు చూపించింది. సరోజ కట్టింది. మిషను రొమ్ము మీద వేలాడుతుండగా, పిల్ల అంకెలు నొక్కి మా ముందు నిటారుగా నిలబడింది.

వంటింటి గడపలోంచి ఈరమ్మ చూసింది. చేతిలో గరిటె అలాగే ఉంది.

"అమ్మా! అది బిల్ల!" అంది.

"ఏం బిల్ల?"

"మిల్లు బిల్లమ్మా. నేను ఆదోని మిల్లులో నాలుగేండ్లు గింజలేరినా కదా. ఆడోల్లకంతా ఇత్తడి బిల్లలిస్తారు, నంబరేసి. పోగొడితే లోపలికి రానీరని దారం కట్టి మెడకేసుకుంటాం, ఇట్లే, ఈ పాప ఏసుకునిందే, ఇట్లే!" ఈరమ్మ గరిటె గడప మీద పెట్టి పిల్ల దగ్గరికి వచ్చింది. "ఇది ఈ పాప వాళ్ళమ్మ నంబరు."

మళ్ళీ ఆదోనికి

మర్నాడు పొద్దున నేనూ ఈరమ్మా బస్సెక్కాం. గౌరిని తీసుకుపోదామని నేనంటే సరోజ ఒప్పుకోలేదు. "తీస్కపోయి, ఆడ ఎవురూ లేకుంటే? ఇంగోసారి ఆ బిడ్డకి ఆ బాధ వద్దు," అంది. తనదే సరైన మాట.

మిల్లులు ఎన్నో ఉన్నాయి. ఆడవాళ్ళు భోజనానికి బయటికి వచ్చే వేళ గేట్ల దగ్గర నిలబడ్డాం. అందరి జుట్టూ దూది పట్టి తెల్లగా ఉంటుంది. ఇరవయ్యేళ్ళ పిల్ల కూడా దూరం నుంచి ముసలమ్మలా కనిపిస్తుంది. ఈరమ్మ చెప్పినట్టే అందరి మెడల్లోనూ బిల్లలు. మొదటి మిల్లులో 238 ఒక పెద్దావిడది. "నాకు ముగ్గురు మనవళ్ళమ్మా, తప్పిపోయినోల్లు ఎవురూ లేరు," అంది. రెండో చోట ఆ అంకె దాకా బిల్లలే లేవు. మూడో మిల్లు గేటు దగ్గర, బక్కపల్చని అమ్మాయి మెడలో ఆ అంకె కనపడగానే ఆగిపోయాను. పెళ్ళయి ఏడాదయినా అయిందో లేదో. ఆరేళ్ళ పిల్లకి తల్లి కాలేదు.

"ఇది నాకిచ్చి కొన్ని నెలలే అయితాంది అక్కా," అంది ఆ అమ్మాయి. "నాకు ముందు నాగలచ్చిమక్కకి ఉండె. ఆయక్క కూతురు తప్పిపోయినాక పని ఇడిసిపెట్టింది."

ఈరమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మూగ పిల్ల," అంది ఆ అమ్మాయి తనే. "దినామూ అమ్మతో వచ్చి ఈడనే ఆడుకుంటాండె. ఒగనాడు లేకపాయె. రైలెక్కుతాంటే సూసినామని ఎవురో సెప్పినారు. ఆయక్క గుంతకల్లు పోయినాది, రాయచూరు పోయినాది. ఆయప్ప, మొగుడు, బొంబాయికి పోయి మళ్ళా రానేలేదు. ఇప్పుడు టేసన్లో చెనిక్కాయలు అమ్ముతాది. వచ్చే ప్రతి రైలూ సూడొచ్చని."

అందరూ రైలునే అనుకున్నారు. పిల్ల ఎక్కింది ఎమ్మిగనూరు సంతకి పోయే బస్సయి ఉంటుంది, అటు ఎవరూ వెతకలేదు.

స్టేషనులో ఒక రైలు అప్పుడే కదిలిపోయింది. ప్లాట్‌ఫారం చివర, గంప నడుముకి ఆనించుకుని ఒకావిడ నిలబడి ఉంది. రైలు పోయినా కిటికీలు పోయిన వైపే చూస్తోంది. నిన్న పొద్దున నేను దిగినప్పుడు కూడా ఆవిడ ఇక్కడే ఉండి ఉంటుంది. నేను దూదిని చూశాను, ఆవిడని చూడలేదు.

కాలిక్యులేటరు మీద అంకెలు నొక్కి చూపించాను. నాగలక్ష్మి చూసి, "ఆ బిల్ల మిల్లోల్లకి ఇచ్చేసినా కదమ్మా, ఎప్పుడో," అంది.

"ఈ నంబరు మాకు ఒక పాప చెప్పింది," అన్నాను.

ఆవిడ నా ముఖం చూసింది, ఈరమ్మ ముఖం చూసింది. "సెప్పిందా?" అంది. "నా బిడ్డకి మాట రాదు."

"రాదు. ఇందులో నొక్కి చూపించింది."

గంప జారి కాయలన్నీ చెల్లాచెదురయ్యాయి. నాగలక్ష్మి నా రెండు భుజాలూ పట్టుకుంది. "ఎడమ సేతికి కాలిన మచ్చ ఉండాదా? మోసేతి కింద? పొయ్యి దగ్గర కాలింది. ఇంత మచ్చ. ఉండాదా?"

"ఉందమ్మా," అంది ఈరమ్మ ఏడుస్తూ. "నేను దినామూ నీళ్ళు పోస్తానే, నేను సూసినా. ఉండాది."

ముంగిట్లో

ఎమ్మిగనూరు బస్సులో ఆవిడ కూర్చోమంటే కూర్చోలేదు. డ్రైవరు వెనక కమ్మీ పట్టుకుని గంటసేపూ నిలబడే ఉంది.

మేం చేరేసరికి పిల్లలు ముంగిట్లో వరసగా కూర్చుని సంగటి తింటున్నారు. గౌరి మాకు వీపు పెట్టి కూర్చుంది. సరోజ లేచి పిల్ల భుజం తట్టబోయింది. నాగలక్ష్మి వద్దని చెయ్యి ఎత్తింది. చెప్పులు విడిచి, మెల్లగా నడిచి పిల్ల వెనక్కి పోయి, నాపరాయి మీద మడమతో రెండుసార్లు గట్టిగా కొట్టింది.

రాయి అదురు తెలిసి గౌరి చేతిలో ముద్ద ఆగిపోయింది. వెనక్కి తిరగలేదు. తిరిగితే ఏమవుతుందో అని భయపడ్డట్టు అలాగే ఉండిపోయింది. ఆవిడ మళ్ళీ కొట్టింది, రెండుసార్లు. తల్లి పిలిచే పిలుపు అది. ప్రపంచంలో ఇంకెవరూ ఆ పిల్లని అలా పిలవలేదు.

పిల్ల తిరిగింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. లేచి, సంగటి అంటిన చేతులతోనే తల్లి మెడ తడిమింది, కొంగు తీసి చూసింది. బిల్ల లేదు. ఒక్క క్షణం కలవరపడింది. తన మెడలోని ఎర్ర దారాన్ని తల మీద నుంచి తీసి, తల్లి మెడలో వేసింది. మూడు అంకెలూ నొక్కింది. అప్పుడు ఆ పిల్ల గొంతులోంచి ఒక అరుపు వచ్చింది. పది నెలల్లో ఆ గొంతు విన్నది అదే మొదటిసారని సరోజ తరవాత చెప్పింది.

తల్లీ కూతుళ్ళిద్దరూ ఆ రాళ్ళ మీదే కూర్చుండిపోయారు. మిగతా పిల్లలు సంగటి తినడం మానేసి చూస్తున్నారు. వాళ్ళలో పలక ఒళ్ళో పెట్టుకుని నవ్విన పదేళ్ళ పిల్ల నా దగ్గరికి వచ్చింది. చేతిలో తన వంతు కాలిక్యులేటరు.

"టీచరమ్మా, మా అమ్మ నంబరు నాకు తెల్దు. ఏది నొక్కల్ల?"

సరోజ పిల్లని ఒళ్ళోకి లాక్కుని, జడ విప్పి మళ్ళీ అల్లడం మొదలుపెట్టింది. జడ పూర్తయ్యేదాకా పిల్ల మిషనుని అరచేతిలో పట్టుకునే ఉంది, ఏ మీటా నొక్కలేదు.

చివరి పొద్దు

ఆశ్రమం పెద్దలు వచ్చి కాగితాలు రాసుకున్నారు, పోలీస్ స్టేషన్లో చెప్పి వచ్చారు. మిగిలింది బడి మాట. సరోజ జాగ్రత్తగా కదిపింది. నాగలక్ష్మి పిల్లని దగ్గరికి పొదువుకుంది.

"ఒగతూరి పోగొట్టుకుంటి. ఇంగోతూరి నా సేతులారా పంపల్లనా?" అంది.

బడికి పోతే మేలని నాకు తెలుసు. కానీ పది నెలలు రైళ్ళు చూసిన మనిషికి ఆ మాట చెప్పే అర్హత నాకు లేదనిపించింది.

మర్నాడు నా ప్రయాణం. పెట్టె సర్దుకుంటుంటే నాగలక్ష్మి వచ్చింది. మెడలోని కాలిక్యులేటరు తీసి ఇవ్వబోతే, అది పాపదే అన్నాను. దాన్ని మళ్ళీ మెడలో వేసుకుని, "టీచరమ్మా, నా బిడ్డ పేరు కాగితం మీద రాసిస్తావా?" అంది. "గౌరి కాదు. ఉరుకుందమ్మ. మా సామి పేరు పెట్టుకున్నాం. ఎవురికన్నా సూపీనీకి పాప జేబులో పెడతా. ఈసారి తప్పిపోతే..."

నోటు పుస్తకంలో కాగితం చింపి పెద్ద అక్షరాలతో రాశాను. ఉరుకుందమ్మ. పిల్ల మా మధ్యకి దూరి, ఇదేమిటన్నట్టు చూసింది. నేను అక్షరాల మీద వేలు పెట్టి, తరవాత పిల్ల గుండె మీద పెట్టాను. మళ్ళీ అక్షరాలు, మళ్ళీ గుండె. పిల్లకి అర్థం కాలేదు. ఈరమ్మ దగ్గరికి పోయి, ఈరమ్మ పేరు రాసి, ఆవిడని చూపించాను. సరోజ పేరు రాసి సరోజని చూపించాను. తిరిగి మొదటి కాగితం తీసి పిల్లని చూపించాను.

ఈసారి పిల్ల ముఖం మారింది. కాగితం చూసింది. తన గుండె మీద తనే చెయ్యి వేసుకుంది. కళ్ళతో అడిగింది. అవునని తలూపాను.

కాగితం లాక్కుని ముంగిట్లోకి పరుగెత్తింది. ఒక్కొక్క పిల్ల దగ్గరా ఆగి, కాగితం చూపించి, తన రొమ్ము తట్టుకుంది. మగ్గం పని చేసుకుంటున్న పక్కింటి వాళ్ళకి గోడ మీంచి చూపించింది. ఆవుకి కూడా చూపించింది. తనకి ఒక పేరుందని ఆ పిల్లకి అంతవరకూ తెలీదు.

నాగలక్ష్మి గడపలో నిలబడి చూస్తోంది.

"ఆ బళ్ళో ఇట్లాంటివే నేర్పిస్తారా?" అని అడిగింది సరోజని, చూపు తిప్పకుండానే.

"ఇవే. ఇంగా శానా."

"అయితే నేనూ పోతా బిడ్డతో. ఆడ కసువు ఊడ్సేదో, బోకులు తోమేదో, ఏదో ఒగటి సేస్తా. వాళ్ళ గేటు కాడ చెనిక్కాయలన్నా అమ్ముకుంటా."

"నేను ఉత్తరం రాస్తా," అంది సరోజ. "నేనే వచ్చి మిమ్మల్ని దిగబెడతా."

బస్సుకి వేళయింది. పెట్టె ఎత్తుకున్నాను. గేటు దాటబోతుంటే పిల్ల పరుగెత్తుకొచ్చి నా కొంగు పట్టుకుని ఆపింది. కాగితం తిరగేసి, ఖాళీగా ఉన్న వైపు పైకి పెట్టి, నా చేతిలో పెన్సిలు పెట్టింది. వెనక్కి తిరిగి, గడపలో నిలబడ్డ తల్లిని వేలితో చూపించింది.

గేటు దిమ్మె మీద కాగితం పెట్టి రాశాను. నాగలక్ష్మి.

పిల్ల ఆ అక్షరాలని తల్లి దగ్గరికి తీసుకుపోయి, ఆవిడ కళ్ళ ముందు పట్టుకుంది.